ఆటోమేటిక్ గేర్‌బాక్సు బోల్టుల బిగింపు టార్క్

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఏ బోల్టును ఎంత బలంతో తిప్పాలో తయారీదారు నిర్ణయించే కొలత బిగింపు టార్క్. దీన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. అడ్డంగా ఉన్న మీటరు పొడవు పానా చివర కిలో బరువు వేలాడదీస్తే బోల్టు మీద పడేది సుమారు 10 న్యూటన్ మీటర్లు.

బిగింపును కొలిచే పనిముట్టు కార్ల కోసం పుట్టలేదు. న్యూయార్క్ నగర నీటి సరఫరా విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్, పైపుల బోల్టులను మితిమీరి బిగించకుండా చూసేందుకు 1918లో టార్క్ రెంచి తయారుచేశాడు. పెద్ద సంఖ్యలో తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు హైడ్రామాటిక్‌ను జనరల్ మోటార్స్ 1939లో ప్రకటించింది. 1950లో పోత ఇనుప పెట్టెతో వచ్చిన షెవ్రొలే పవర్‌గ్లైడ్ గేర్‌బాక్సు, 1962లో అల్యూమినియానికి మారింది. బరువు తగ్గింది గానీ, మెత్తని అల్యూమినియంలో బోల్టును కాస్త ఎక్కువ తిప్పినా థ్రెడ్లు ఊడిపోతాయి.

అన్నిటికన్నా సున్నితమైనది వాల్వ్ బాడీ. ఏ క్లచ్‌కు ఎప్పుడు ఆయిల్ ఒత్తిడి అందాలో నడిపించే సన్నని దారుల దిమ్మె ఇది. చాలా గేర్‌బాక్సుల్లో దీని చిన్న బోల్టులకు 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు. అంతకు మించితే దిమ్మె వంగి, లోపల జారాల్సిన వాల్వులు పట్టేస్తాయి. గేరు ఆలస్యంగానో కుదుపుతోనో పడుతుంది. ఆయిల్ పాన్‌దీ ఇదే కథ: గాస్కెట్ నలిగి ఆయిల్ కారుతుంది, కారుతోందని ఇంకా బిగిస్తారు. అనుభవమున్న చెయ్యి ఎంత గొప్పదైనా ఇంత చిన్న బలాన్ని అంచనా మీద వదలకూడదు. పైగా తిప్పే బలంలో సుమారు 90 శాతం ఒరిపిడికే పోతుంది. అందుకే పొడి థ్రెడ్లకు ఇచ్చిన అంకెను ఆయిల్ రాసిన బోల్టుకు వాడితే బోల్టు అతిగా సాగుతుంది. పాత అమెరికన్ మాన్యువళ్లలో చిన్న బోల్టులకు అంగుళం-పౌండ్లు, పెద్దవాటికి అడుగు-పౌండ్లు ఉంటాయి. ఒకటనుకుని ఇంకొకటి బిగిస్తే తేడా 12 రెట్లు.

ఆటోమేటిక్‌లన్నీ ఒకే రకం కావు. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ, క్లచ్, గేరు మార్పు పనులను యంత్రానికి అప్పగించిన మాన్యువల్ గేర్‌బాక్సే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారం నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌లో ఆటోమేటిక్‌లే మూడు రకాలు: డీజిల్‌కు టార్క్ కన్వర్టరుతో ఆరు గేర్లు, 1.5 లీటర్ల పెట్రోలుకు ఐవీటీ (గేరు మెట్లు లేని రకం), 1.4 టర్బోకు రెండు క్లచ్‌లతో ఏడు గేర్లు. కాబట్టి కారు పేరును బట్టి కాక, గేర్‌బాక్సు కోడ్‌ను బట్టే టార్క్ పట్టిక చూడాలి. కొన్ని బోల్టులకు టార్క్ తర్వాత తిప్పాల్సిన కోణం కూడా ఇస్తారు. వాటిలో సాగేలా రూపొందించినవాటిని విప్పాక పారేసి కొత్తవి వేస్తారు.