కుట్టని పురుగు, కాల్చే విషం

మూసీ యొడ్డున అఫ్జల్‌గంజ్‌లో 1866లో ఆసుపత్రి వెలసిననాటికి, వానాకాలపు రాత్రులలో దీపానికి మూగే ఒక చిన్న పురుగు మనిషి ఒంటిపై బొబ్బలెందుకు లేపుతుందో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. చీనా వైద్యుడు చెన్ త్సాంగ్‌చీ మాత్రం 739లోనే అటువంటి పురుగును గూర్చి వ్రాశాడు.

దాని పేరు పీడరస్. వరిపొలాలలోను, నదీతీరాల తేమనేలలోను ఉంటుంది. సెంటీమీటరుకు మించని ఒళ్లు, నారింజ నలుపు పట్టెలు, నీలంగా మెరిసే పొట్టి రెక్కతొడుగులు. చూపుకు చీమవలె ఉన్నా ఇది పెంకుపురుగే. పైరును పీల్చే పురుగులను తింటుంది గనుక రైతుకు ఆప్తమిత్రమనే చెప్పాలి.

ఇది కుట్టదు, కరవదు. ఒంటిపై వాలినప్పుడు నలిపితేనే దేహద్రవంలోని విషం చర్మానికి అంటుతుంది. నలపక ఊదివేసి, ఆ చోటును సబ్బునీటితో కడిగితే చాలు. ఎర్రని చార ఒకటి రెండు రోజులకుగాని పైకి రాదు. ఈలోగా పురుగు సంగతి మరచి, ఏ సాలీడో పాకిందనుకోవడం సహజమే.

1908 మూసీ వరదలో ఆ పాత ఆసుపత్రి కూలిన నాలుగేండ్లకు, బ్రెజిల్‌లో పిరాజా ద సిల్వా ఈ చర్మబాధను పీడరస్‌తో ముడిపెట్టి వర్ణించాడు. 1953లో ఇటలీ శాస్త్రజ్ఞులు పావాన్, బో సుమారు 2.5 కోట్ల పురుగులను పోగుచేసి విషాన్ని వేరుచేశారు. దానికి పెడెరిన్ అని పేరు పెట్టారు. తీరా 2002 నాటికి తెలిసినదేమంటే, ఆ విషాన్ని వండేది పురుగు కాదు, ఆడపురుగులలో కాపురముండే ఒక బాక్టీరియా. తల్లి దానిని గ్రుడ్ల ద్వారా పిల్లలకు అందిస్తుంది.