పాత తుపాకి మీది అంకెలు

కాశీబుగ్గవారికి ఇచ్ఛాపురము జిల్లా కొసన, ఒడిశా సరిహద్దున నున్న ఊరు. పాత సైనిక తుపాకులను పరిశీలించువారికి మాత్రము ఆ పేరు వినగానే వంగదేశములోని ఇచ్ఛాపూర్ తోచును. కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీనది ఒడ్డున, 18వ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీవారు మందుగుండు కర్మాగారము నెలకొల్పిన చోటది. 20వ శతాబ్ది ఆరంభమున అక్కడనే రైఫిళ్ల తయారీ మొదలైనది.

వానిలో ముఖ్యమైనది లీ-ఎన్‌ఫీల్డు. గొట్టపు లోపలి కొలత అంగుళములో వెయ్యింట 303 వంతులగుటచే దీనికి త్రీనాట్‌త్రీ యని వాడుక. రెండు ప్రపంచయుద్ధములలోను భారత సైనికులు దీనిని పట్టిరి. పిదప చిరకాలము పోలీసులకును, ఎన్.సి.సి. విద్యార్థులకును ఇదియే ఆధారమైనది.

సేకర్తలు దీని వెలను మెరుపునుబట్టి కట్టరు. మడమను బిగించు ఇనుపభాగముమీద కిరీటము, రాజు పొడి అక్షరములు, కర్మాగారపు గుర్తు, సంవత్సరము చెక్కియుండును. ఇచ్ఛాపూర్ గుర్తు ఆర్.ఎఫ్.ఐ. స్వాతంత్ర్యానంతరము కిరీటమునకు మారుగా అశోకస్తంభ సింహములు వచ్చినవి. బోల్టుమీది సంఖ్య, తుపాకి సంఖ్య ఒక్కటైనచో ఆ భాగములు మొదటినుండి కలిసియున్నవని గ్రహింపవచ్చును. సంఖ్యలు కలియనిచో వెల తగ్గును. చెరిగినచో చరిత్రయే పోవును.

ఆ నష్టమెట్టిదో మన మన్యమే చెప్పును. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడిచేసి తుపాకులను, తూటాలను కైవసము చేసికొనెను. తీసికొన్న వాని వివరము ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసెను. అందలి తుపాకి యొకటి నేడు బయటపడినను, సంఖ్య అరగదీసియున్నచో అది పాత ఇనుమే గాని ఆ పోరాటమునకు సాక్షి కాజాలదు.

1962 చైనా యుద్ధానంతరము 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు ఇచ్ఛాపూర్‌లో చేసిన రైఫిళ్లు అనేకము మిగులు సరుకుగా అమెరికా చేరి, అక్కడి సేకర్తల ఇండ్లలో నున్నవి. మనకు ఆ వెసులుబాటు లేదు. 1878 నాటి ఆయుధచట్టము భారతీయులకు లైసెన్సు విధించి, యూరోపియనులను విడిచిపెట్టినది. ఆ పక్షపాతము తొలగినను, త్రీనాట్‌త్రీ సైనిక కొలతది గావున నేటికిని సాధారణ లైసెన్సుపై లభింపదు. మరమ్మతు చేసినను పేలని పురాతన ఆయుధమునకు మాత్రము 1959 చట్టపు 45వ సెక్షను మినహాయింపు నిచ్చుచున్నది. తుపాకి మీది సంఖ్యను చెరుపుటను అదే చట్టపు 8వ సెక్షను నిషేధించుచున్నది. ఈ యొక్క విషయమున చట్టమును, చరిత్రకారుడును ఏకమైనారు.

కనుక ఉద్దానపు పాత యింటి అటకమీద ఎన్నడైన తుపాకి కనబడినచో, లోపల తూటా ఉండవచ్చునని తలచి చేయి వేయక, ముందుగా ఠాణాకు తెలుపవలెను. తుప్పు వదలించు తొందరలో గరుకు కాగితముతో ఎన్నడును రుద్దరాదు. ఆ తుప్పు క్రింది నాలుగంకెలే దాని ఆస్తి.