నాలుగు చక్రాల బండీ, మా అక్క కొడుకూ

ఇంగ్లండులో 1865లో ఒక చట్టం చేశారు. రోడ్డు మీద ఆవిరి బండి వస్తూంటే దానికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలట! ఇప్పుడు నవ్వొస్తుంది గాని, కొత్త బండి వచ్చినప్పుడల్లా చట్టం ఇలాగే తడబడుతుంది.

మన దేశంలో 1914లో ఒక మోటారు వాహనాల చట్టం, 1939లో మరొకటి వచ్చాయి. అవి బ్రిటిషు ఇండియావి. మా రామగుండం అప్పటికి నైజాం ఏలుబడిలో ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 1988 నాటి చట్టం, 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.

మా గోదావరిఖనిలో షిఫ్టుకు పోయే సైకిళ్లూ, లూనాలూ, స్కూటర్లూ అందరం చూసినవే. ఓపెన్ కాస్టులో తిరిగే డంపర్లు మాత్రం ఊళ్లోకి రావు. దాని చక్రమే మనిషంత ఎత్తుంటుంది. మరి అదీ మోటారు బండేనా? ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లిందంటే నమ్ముతారా? ఒరిస్సాలోని బోలానీ ఇనుపగని కేసులో, గని ఆవరణలోనే పనిచేసినంత కాలం డంపర్లకు పన్ను పడదని 1974లో తీర్పు వచ్చింది. 1992లో సెంట్రల్ కోల్ ఫీల్డ్స్ కేసులో మాట మారింది. రబ్బరు టైర్లున్న డంపర్ రోడ్డు మీద నడవగలిగినదే, ఎంత బరువైనా మోటారు వాహనమే, పన్ను కట్టవలసిందే అన్నారు.

ఇదంతా నేను చదవడానికి కారణం మా అక్క కొడుకు. పదిహేనేళ్లవాడు. హైదరాబాదు అవతల ఏదో రిసార్టులో క్వాడ్ బైకు ఎక్కి వచ్చాడు. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలు హ్యాండిలు. అప్పటినుంచి అలాంటిది కొనమని ఒకటే పోరు. “చిన్నమ్మా, చిన్న ఇంజనుది కొంటే లైసెన్సు అక్కర్లేదంట! దుకాణమాయనే చెప్పిండు” అన్నాడు. అక్క సగం మెత్తబడింది కూడాను.

ఈ బండి పుట్టుకే చిత్రం. 1970లో హోండావాళ్లు లావు టైర్ల మూడు చక్రాల బండి తెచ్చారు. అది మలుపుల్లో పల్టీ కొట్టేది. 1982 ప్రాంతంలో సుజుకీ నాలుగో చక్రం తగిలించింది. అమెరికాలో ఎందరో పిల్లలు దెబ్బలు తిన్నాక, 1988లో మూడు చక్రాలవాటి అమ్మకం ఆపేశారు. నాలుగోది వచ్చినంత మాత్రాన పల్టీ కొట్టడం మానలేదు లెండి.

దుకాణమాయన మాట సంగతి చూద్దాం. ఇరవై అయిదు సీసీ లోపు బండి మోటారు వాహనం కాదని చట్టంలో ఉన్న మాట నిజమే. కాని అది నాలుగు చక్రాలకు తక్కువున్న బండికి! పదహారేళ్లకే యాభై సీసీ లోపు బండి నడపవచ్చన్నదీ నిజమే. అది మోటారు సైకిలుకు, అంటే రెండు చక్రాలదానికి. పైగా లైసెన్సు ఉండాలి, మావాడికి పదహారు నిండనే లేదు. ఇక మిగిలింది, ఫ్యాక్టరీలో, ప్రహరీ లోపల మాత్రమే వాడే ప్రత్యేకపు బండికి ఇచ్చిన మినహాయింపు. రిసార్టులవాళ్లు దాని నీడనే నడుపుకుంటారు. బయటి రోడ్డెక్కాలంటే రిజిస్ట్రేషనూ, ఇన్సూరెన్సూ కావాలి. ఇక్కడ ఈ బళ్లను రోడ్డుకోసం కాదనే చెప్పి అమ్ముతారు, ఇక రిజిస్ట్రేషను ఎక్కడిది? ‘క్వాడ్రిసైకిలు’ అని ఒక తరగతి పెట్టారు గాని, అది పైకప్పున్న చిన్న కారులాంటి బండి. పేరు చూసి మోసపోకండి.

“కాలనీ రోడ్డే కదా” అంది అక్క. జనం తిరిగే హక్కున్న ఏ దారైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. కూరగాయలవాడు తోపుడుబండి తోసుకొచ్చే దారి, పిల్లలు బడికి పోయే దారి. ఇన్సూరెన్సు లేని బండి ఎవరికైనా తగిలిందా, మా బావ జీతం ఎన్నేళ్లు చాలుతుంది?

2019 సవరణ చదివి వినిపించాను. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. జైలు మాటకు అక్క ఉలిక్కిపడింది. మావాడు మాత్రం ఇరవై అయిదేళ్ల మాటకు లెక్కలు వేసుకున్నాడు. పదేళ్లు! కొత్త సైకిలుకు బేరం కుదిరింది. నాతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.