ఎలిజబెత్‌కింగియా

మట్టిలో, నీటిలో బతికే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా ప్రజాతి. ఆరోగ్యవంతుల జోలికి సాధారణంగా రాదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు, వెంటిలేటర్ మీద ఉన్న రోగులకు సోకితే మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇతర ల్యాబులు తేల్చలేక పంపిన బ్యాక్టీరియాల గుట్టు విప్పడంలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ శాస్త్రవేత్త ఎలిజబెత్ కింగ్ దిట్ట. పసిపిల్లల మెనింజైటిస్ కేసుల్లో దొరికిన ఒక రకాన్ని 1959లో ఆమె ఫ్లేవోబ్యాక్టీరియం మెనింగోసెప్టికం పేరుతో వర్ణించారు. 1994లో దాన్ని క్రైసియోబ్యాక్టీరియం ప్రజాతిలో కలిపారు. ఆమె పేరుతో విడి ప్రజాతి ఏర్పడింది 2005లో; అప్పటికి ఆమె పోయి దాదాపు నాలుగు దశాబ్దాలు. అప్పుడే ఇందులో చేరిన మిరికోలా జాతి ఏకంగా రష్యా అంతరిక్ష కేంద్రం మిర్‌లో, తేమ చల్లబడి చేరిన నీటిలో బయటపడింది. 2011లో వర్ణించిన అనాఫిలిస్ జాతిని గాంబియా దోమ పేగులో కనుగొన్నారు. అలాగని దోమకాటుతో ఇది మనుషులకు సోకుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

దీన్ని ల్యాబులో గుర్తించడమూ చిక్కే, చికిత్స అంతకన్నా చిక్కు. బ్లడ్ అగార్ ప్లేటు మీద లేత పసుపు ఛాయతో పెరిగే ఈ బ్యాక్టీరియా, మ్యాకాంకీ ప్లేటు మీద చాలాసార్లు కనిపించనే కనిపించదు. పక్కన మెరోపెనెం అనే యాంటీబయాటిక్ బిళ్ల పెట్టినా లెక్కచేయదు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైములు దీనికి పుట్టుకతోనే ఉన్నాయి. కొలిస్టిన్‌కూ లొంగదు. అంటే ఐసీయూలో డాక్టర్లు ఆఖరి అస్త్రాలుగా దాచుకునే మందులే ఇక్కడ పనికిరావు! సాధారణంగా మినోసైక్లిన్, లీవోఫ్లాక్సాసిన్, కోట్రిమాక్సజోల్, రిఫాంపిసిన్‌లలోంచి సెన్సిటివిటీ రిపోర్టు చూసి ఎంచుకుంటారు, తరచు రెండు కలిపి ఇస్తారు. గ్రామ్ పాజిటివ్ వాటికి వాడే వాంకోమైసిన్‌ను మెనింజైటిస్‌లో వాడి కొందరు మేలు చూశారు గానీ, ఒక్కదాన్నే నమ్ముకోలేం.

పాత యాంత్రిక పరీక్షలు అనాఫిలిస్‌ను, కింగ్ వర్ణించిన జాతి (ఇప్పటి పేరు మెనింగోసెప్టికా) అని పొరబడేవి. 2015-16లో విస్కాన్సిన్ రాష్ట్రంలో వచ్చిన ఉద్ధృతితో అనాఫిలిస్ పేరు పత్రికలకెక్కింది. అక్కడ 63 కేసులు నిర్ధారణ అయ్యాయి, వారిలో 18 మంది చనిపోయారు. ఎక్కువమంది 65 దాటినవారే. మూలం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

సింగపూర్ ఐసీయూల్లో 2012లో వచ్చిన ఉద్ధృతికి మాత్రం మూలం దొరికింది. చేతులు కడుక్కునే కుళాయిల జాలీల్లోనే ఈ బ్యాక్టీరియా కాపురం పెట్టింది. రోగుల స్రావాలను అదే సింకులో పారబోయడం, పరికరాలను అక్కడే కడగడం అందుకు దోహదపడ్డాయి. చేతులు కడిగే సింకును చేతులకే వదిలేయడం ఏ ఆసుపత్రికైనా చౌకైన నివారణ.