మానుకోట సీమలో మతాల మాటామంతీ

జనగామ, మహబూబాబాద్ (మానుకోట), జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. జిల్లాలు కొత్తవే గానీ, ఒక మతం వాళ్లు ఇంకో మతం సంగతి తెలుసుకోవడం, దానితో వాదులాడడం, దాని నుంచి ఎరువు తెచ్చుకోవడం ఈ నేలకు పాత అలవాట్లు. ఇక్కడి చరిత్రలో వాదం, ఎరువు రెండూ కలిసే నడిచాయి.

ముందు వచ్చింది వాదమే. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో జైనుల మీద శివభక్తులు నెగ్గిన కథలను ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు. నేటి సామరస్య ఉపన్యాసాల్లో ఉటంకించడానికి ఆ కథలు అంత అనువైనవి కావు. అయితే జనగామకు దగ్గర్లోని కొలనుపాకలో ప్రసిద్ధ జైన క్షేత్రమూ వీరశైవుల సోమేశ్వరాలయమూ ఈనాటికీ ఒకే ఊళ్లో ఉన్నాయి. పాలకుర్తి మండలంలోనే ఉన్న బమ్మెరను పోతన ఊరిగా చెబుతారు. పోతన తమవాడన్న ఒంటిమిట్ట వాళ్ల వాదన ఎలా ఉన్నా, వీరభద్ర విజయం రాసిన శైవ కుటుంబపు కవి విష్ణుకథకు తిరగడం మాత్రం నిర్వివాదం.

ఎరువుకు మంచి సాక్ష్యం అన్నారం షరీఫ్ దర్గా. పర్వతగిరి మండలంలోని ఈ దర్గా నేటి జిల్లా లెక్కలో వరంగల్‌కు చెందినా, మానుకోట జనానికి అది సొంత మొక్కుల చోటు. పిల్లలు పుడితే ఆ దర్గా వలీ పేరు పెడతామని మొక్కుకుంటారు. మొక్కు తీరితే కందూరు విందు చేస్తారు. అందుకే ఈ ప్రాంతపు ఓటర్ల జాబితాలో యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి వంటి పేర్లు కనబడతాయి. పేరు దర్గాది, కులం హిందువులది. ముస్లిం ఇళ్లు ఒకటీ అరా ఉన్న ఊళ్లలో కూడా మొహర్రానికి పీర్ల కొట్టం తెరిచి, ఊదు వేసి, పీర్లను ఎత్తుకునేది ఎక్కువగా హిందూ రైతులూ చేతివృత్తుల వాళ్లే. కర్బలా కథను ఊరు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, పీర్ల పాటల్లో. భూపాలపల్లి వైపు అడవి పల్లెల సంగతి వేరు. 2019 వరకు ఆ జిల్లాలోనే ఉన్న మేడారంలో పూజలు కోయ వడ్డెల (పూజారుల) చేతుల్లో ఉంటాయి. మైదానం నుంచి వచ్చిన భక్తుడు బెల్లాన్ని బంగారంగా సమర్పించి ఆ పద్ధతికే తల వంచుతాడు.

ఇవన్నీ చూసి నేర్చుకున్నవి. బడి కట్టి నేర్పడానికి మంచి ఉదాహరణ దోర్నకల్. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు విదేశీ డబ్బు లేకుండా ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించి, పని చేయడానికి నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకల్ వచ్చాడు. మాతృభాష తమిళం, తెలుగు ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు త్యాగాలు చేశారు గానీ భారతీయులను స్నేహితులుగా చూడలేదని ముఖం మీదే చెప్పాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు అతడే.

అతని సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కులాల వాళ్లు. అప్పట్లో వాళ్లకు ఊరి బడి గుమ్మం తొక్కే వీలు అరుదు. దోర్నకల్ బడుల్లో చదువుతో పాటు చేతిపనులూ నేర్పారు. ఊళ్లకు పంపే ఉపదేశకుల భార్యలకు కూడా శిక్షణ ఇచ్చారు. అజరయ్య భార్య అన్బు ఈ పనిలో ముందుండేది. బైబిలు కథలు భజనలుగా, నాటకాలుగా జనంలోకి వెళ్లాయి. చర్చి పండుగలు జాతర రూపం తీసుకున్నాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కథీడ్రల్‌లో ఇదే ఆలోచన రాయిలో కనిపిస్తుంది: మసీదును తలపించే గుమ్మటాలు, మీనార్లు, గుడి మండపాన్ని తలపించే చెక్కుడు స్తంభాలు, వాటి మధ్య క్రైస్తవ బలిపీఠం.

అయితే రూపాలు తెచ్చుకున్నాడు గానీ, మతాలన్నీ ఒకటేనన్న మాటకు అజరయ్య ఎన్నడూ ఒప్పుకోలేదు. 1930లలో గాంధీజీతో అతనికి వచ్చిన పేచీ ఇక్కడే. అంబేడ్కర్ 1935లో హిందువుగా చనిపోనని ప్రకటించాక దళితుల మతమార్పిడి దేశమంతా చర్చ అయింది. ఆత్మిక ఆకలితో కాక ఇతర కారణాలతో మూకుమ్మడిగా మతం మారుస్తున్నారని గాంధీ ‘హరిజన్’ పత్రికలో విమర్శించాడు. నిరుపేదకు కూడా మతం ఎంచుకునే తెలివీ హక్కూ ఉన్నాయన్నది అజరయ్య పక్షం. ఇద్దరూ అస్పృశ్యతను ద్వేషించిన వాళ్లే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న అజరయ్య రాజకీయంగానూ గాంధీకి దూరం కాదు. మతాల మధ్య మాటంటే ఏమిటో తెలుసుకోవడానికి సభల తీర్మానాలకన్నా ఈ తగాదాయే ఎక్కువ పనికొస్తుంది. అజరయ్య 1945 జనవరి 1న మరణించాడు. అతను పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబర్‌లో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదిద్దుకుంది.

ఆ ఏడాదే ఈ ప్రాంతం రజాకార్ల దాడుల్లోకి జారింది. 1948 ఆగస్టులో జనగామకు దగ్గర్లోని బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత గాయం తరాలపాటు మిగిలింది. అదే జనగామ ప్రాంతంలో, అంతకుముందే విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి హతుడైన కామారెడ్డిగూడెం ముస్లిం రైతు షేక్ బందగీ హిందూ రైతులకూ వీరుడయ్యాడు. 1947 నాటి ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ అతని కథే.

పరమత అధ్యయనాన్నే పనిగా పెట్టుకున్న సంస్థ తెలంగాణకు తర్వాత వచ్చింది. ఇస్లాం గురించి క్రైస్తవులకు నేర్పడానికి 1930లో లాహోర్‌లో పుట్టిన హెన్రీ మార్టిన్ సంస్థ ఊళ్లు మారి 1971లో హైదరాబాద్ చేరింది. అక్కడ మతప్రచారపు ధ్యేయం పక్కకు జరిగి, మతాంతర సంబంధాలు, సయోధ్య దాని ముఖ్యమైన పని అయ్యాయి. సర్కారు బడికి మాత్రం మతాన్ని బోధించే వెసులుబాటు లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అందుచేత మానుకోట, జనగామ, భూపాలపల్లి బడుల్లో ఇతర మతాల పరిచయం నేటికీ తెలుగు వాచకం, సాంఘిక శాస్త్రం పాఠాల ద్వారానే ఎక్కువగా జరుగుతోంది.