ముళ్ళ ఎలుకలో ఎలుక ఎంత?

దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే ‘స్పైనీ ర్యాట్’ను ఈమధ్య ఒక అనువాదంలో ‘ముళ్ళ పందికొక్కు’ అన్నారు. పాపం, అది ఎలుకే కాదు, పందికొక్కెలా అవుతుంది? ఎలుక కంటే గినీపందికే దగ్గరి చుట్టం. అయినా అసలు తడబాటు మన అనువాదకుడిది కాదు. ఈ జీవికి 1809లో జంతుశాస్త్రజ్ఞుడు కువియే పెట్టిన ‘ఎకిమిస్’ అనే ప్రజాతి పేరులోనే అది ఉంది. గ్రీకులో ‘ఎకినోస్’ అంటే ముళ్ళజంతువు. సముద్రంలో ముళ్ళబంతిలా ఉండే జీవినీ అదే మాటతో పిలిచారు. ‘మిస్’ అంటే ఎలుక, మన మూషికానికి దాయాది. ఆ ముళ్ళైనా ఏదుపంది ముళ్ళలాంటివి కావు, బల్లపరుపుగా బిరుసెక్కిన వెంట్రుకలు. ఇదే కుటుంబంలోని ‘ఐసోథ్రిక్స్’కు ఆ బిరుసూ లేదు, ఒళ్ళంతా మెత్తటి బొచ్చు! చాలాకాలం వేరే ప్రజాతుల గంపల్లో పడేసిన కొన్నిటిని జంతుశాస్త్రజ్ఞురాలు లూయిజ్ ఎమన్స్ 2005లో విడదీశారు. వాటిలో కొలంబియాలోని సాంటా మార్తా కొండల జీవికి ‘సాంటామార్టామిస్’ అని పేరుపెట్టారు. ముందు కొండపేరు చేరినా తోకగా ‘మిస్’ మాత్రం వదల్లేదు. ఎన్నో దశాబ్దాలు ఎవరికీ చిక్కని ఆ ఎర్రవీపు జీవి 2011లో మళ్ళీ కనబడింది. ఇక పందికొక్కు సంగతి: మన మాటే ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయింది, శాస్త్రజ్ఞుల చేతిలో ‘బాండికోటా’ ప్రజాతి అయింది, ఆస్ట్రేలియాలో సంచిజంతువులకూ అంటుకుంది. అవీ ఎలుకలు కావు.