థామస్ కప్ (2022)

థామస్ కప్ పురుషుల జాతీయ జట్ల మధ్య జరిగే అంతర్జాతీయ బ్యాడ్మింటన్ పోటీ. 1949లో తొలి కప్పును మలయా గెలుచుకుంది. 2022 మే 15న బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3–0తో ఓడించి భారత్ మొదటిసారి విజేత అయింది. అమలాపురం వాసి సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఆ జట్టులో ఉండటంతో కోనసీమకు ఈ విజయం సొంత ఇంటి ముచ్చటయింది. అయినా దీన్ని ఏ ఒక్కరి ఘనతగానో చెప్పడం పోటీ స్వరూపానికే విరుద్ధం. ఒక్కో పోరులో మూడు సింగిల్స్, రెండు డబుల్స్ ఉంటాయి. గెలుపునకు మూడు మ్యాచ్‌లు కావాలి. ఒక ఆటగాడు ఒక సింగిల్స్, ఒక డబుల్స్‌కు మించి ఆడకూడదు. కాబట్టి ఎంతటి మేటి అయినా ఒంటరిగా కప్పు తేలేడు.

ఫైనల్ మూడు మ్యాచ్‌లతోనే ముగిసింది కదా, మిగతావారి పాత్ర ఏమిటని అడగవచ్చు. జవాబు అంతకుముందు జరిగిన పోరాటాల్లో ఉంది. క్వార్టర్‌ఫైనల్లో మలేషియాపై, సెమీస్‌లో డెన్మార్క్‌పై భారత్ 3–2తో గట్టెక్కింది. రెండుసార్లూ చివరి మ్యాచ్ గెలిచింది భారత సింగిల్స్ ఆటగాడు ప్రణయ్. ఆ రెండు పోరుల్లోనూ తన సింగిల్స్ ఓడిన సహచరుడు లక్ష్యసేన్ ఫైనల్లో తొలి గేమ్ 8–21తో పోగొట్టుకొని కూడా ఇండోనేషియా ఆటగాడు గింటింగ్‌ను ఓడించాడు. తర్వాత సాత్విక్–చిరాగ్ షెట్టి జోడీ తొలి గేమ్ కోల్పోయి 18–21, 23–21, 21–19తో నెగ్గింది. టోర్నీలో ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచిన మరో సింగిల్స్ ఆటగాడు శ్రీకాంత్ మూడో విజయంతో లాంఛనం పూర్తిచేశాడు. వేర్వేరు ఆటల మొత్తమే జట్టు అనేవారి మాటలో కొంత నిజముంది. అయితే ఒకరు తడబడిన రోజున ఇంకొకరు నిలబడితేనే ఆ మొత్తం మూడుకు చేరింది.